ఉప్పు రోడ్ల ఊళ్లో స్పోర్ట్స్ కారును చలికాలమంతా పడుకోబెట్టడం ఎలా

అమెరికాలోని మిషిగన్‌లో మాకు రెండే రకాల రోడ్లు. వేసవిలో గుంతల రోడ్లు, చలికాలంలో ఉప్పు రోడ్లు. గుంత కనబడితే పక్కకి తిప్పుకుని పోవచ్చు. ఉప్పు అలా కాదు, రోడ్డంతా అదే. మంచు రోడ్డుకి పట్టకుండా కరిగిపోవాలని, పడకముందే ఉప్పునీళ్లు చల్లిపోతారు, పడ్డాక రాళ్ల ఉప్పు జల్లుతారు. ఎండాక అదే తెల్లటి దుమ్మై లేచి బండి కింద సందుసందునా కూర్చుంటుంది. డెట్రాయిట్ ఊరి కిందే, సుమారు 1,100 అడుగుల లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. కార్లు పుట్టిన ఊరి కడుపులోనే కార్లను తుప్పుపట్టించి తినే సరుకు పెట్టాడు దేవుడు.

నాది 2016 మస్టాంగ్ జీటీ, ఆరు గేర్ల మాన్యువల్. డెట్రాయిట్ దగ్గరి నోవై ఊళ్లో ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో ఒక పక్క రోజూ ఆఫీసుకి పోయే ఎస్‌యూవీ, రెండో పక్క ఇది. ఏటా నవంబర్ మొదట్లో పడుకోబెట్టి ఏప్రిల్‌లో లేపుతాను. మొదటి ఏడాది ఏమీ తెలియదు. పైన కవర్ కప్పేసి, ప్రతి ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేసి, చాలా జాగ్రత్తపరుణ్ణని మురిసిపోయాను. ఏప్రిల్ వచ్చేసరికి బ్యాటరీ చచ్చింది, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో చిట్టెలుక కాపురం పెట్టింది, వెనక బ్రేకులు డిస్కులకి అతుక్కుపోయాయి. కింద చెప్పే పద్ధతి ఆ మూడు దెబ్బలూ తిన్నాక నేర్చుకున్నది. మీది కార్వెట్ అయినా, మియాటా అయినా వరస ఇదే. తేడా ఉన్నచోట చెబుతాను. శని, ఆదివారాలు రెండూ పడుతుంది. హడావిడిగా ఒక సాయంత్రంలో ముగించాలని చూడకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

నాకు పండగలే గుర్తు. దసరాకి వాహన పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించాక సామాన్లు తెచ్చుకోవడం మొదలుపెడతాను. దీపావళి అటూఇటూగా, మొదటి ఉప్పు లారీ కనబడకముందే బండి లోపలికి పోవాలి. ఒక్కసారి ఉప్పు రోడ్డు ఎక్కితే కడిగే పని రెట్టింపు అవుతుంది. పైగా ఆలస్యం చేస్తే ఇంటి బయట కొళాయి కట్టేసే రోజులు వచ్చేస్తాయి, కడగడానికి నీళ్లుండవు.

టైర్ల సంగతి కూడా ఉంది. మస్టాంగ్ జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాక్‌తో కొన్న నాలాంటివాళ్లకి కంపెనీ ఇచ్చినవి పిరెల్లీ పీ జీరో వేసవి టైర్లు. చాలా స్పోర్ట్స్ కార్లకి ఇలాంటివే వస్తాయి. 5 డిగ్రీల సెల్సియస్ కిందకి పోతే ఆ రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. మైనస్ 7 కిందకి పోతే మెత్తదనం పూర్తిగా పోయి, ఆ స్థితిలో బండి కదిపితే పైపొర మీద పగుళ్లు రావచ్చు. అందుకే జనవరిలో "ఒక్క అడుగు వెనక్కి తీద్దాం, ఆ పెట్టె తీసుకోవాలి" అని తోసే పని కూడా పెట్టుకోవద్దు. ఇక్కడ మైనస్ 7 దాటే రాత్రులు బోలెడు. బయట షెడ్డులోనో, వేడి లేని అద్దె గరాజ్‌లోనో పెడుతుంటే చక్రాలు విప్పి ఇంటి బేస్‌మెంట్‌లో దాచడం మేలు. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్ అయితే బయటికంటే కాస్త వెచ్చగానే ఉంటుంది, నేను విప్పను.

శనివారం: ఆయిల్, పెట్రోల్

ఇంజినాయిల్ పడుకోబెట్టే ముందే మార్చాలి, లేపాక కాదు. "ఎలాగూ ఏప్రిల్‌లో మార్చాలిగా, ఇప్పుడెందుకు" అని చాలామంది అంటారు, నేనూ అన్నాను. నల్లబడ్డ ఆయిల్‌లో పెట్రోల్ మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ కలిసి ఉంటాయి. బేరింగుల్ని అయిదు నెలలు ఆ పులుసులో నానబెట్టడం ఎందుకు? కొత్త ఆయిల్ పోసి పడుకోబెడితే అదే ఆయిల్‌తో ఏప్రిల్‌లో నడుపుకోవచ్చు, నడవని బండిలో ఆయిల్ అరగదు. 2015 నుంచి 2017 దాకా వచ్చిన జీటీలకి 8 క్వార్టులు పడుతుంది, 2018 నుంచి వచ్చినవాటికి 10. డబ్బాలు కొనేటప్పుడు ఈ తేడా చూసుకోండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే పాతది దించితే అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది.

తర్వాత పెట్రోల్. ఇక్కడ అందరూ గ్యాస్ అంటారు, నాకు ఇన్నేళ్లయినా నోట్లో పెట్రోలే. ఇక్కడి బంకుల్లో దొరికే దాంట్లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్‌కి తేమను పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి, ఆ గాలిలో తేమ, చలి పెరిగి తగ్గినప్పుడల్లా లోపలి గోడలకి చెమ్మ. అందుకని ట్యాంకు నిండా కొట్టించాలి. నిండా అంటే పంపు మొదటిసారి టక్కుమని ఆగేదాకా. ఆ తర్వాత ఇంకో రెండు గుక్కలు దూర్చకండి, పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా తడిసి పాడవుతుంది.

పెట్రోల్ చెడిపోకుండా కాపాడే స్టెబిలైజర్ కూడా పోయాలి. స్టా-బిల్ లాంటిది అయితే 2.5 గ్యాలన్లకి ఒక ఔన్సు లెక్క. మస్టాంగ్ జీటీ ట్యాంకు 16 గ్యాలన్లు కాబట్టి ఆరున్నర ఔన్సులు చాలు. ముందు స్టెబిలైజర్ పోసి, దాని మీద పెట్రోల్ కొట్టిస్తే అదే కలుస్తుంది. అక్కడినుంచి నేరుగా ఇంటికి రాకుండా పదిహేను మైళ్లు తిరగండి, అప్పుడే ఆ కలిసిన పెట్రోల్ పైపుల్లోకి, ఇంజెక్టర్లలోకి చేరుతుంది. నిజం చెప్పాలంటే, ఈ కాలం బండ్ల ట్యాంకులు గట్టిగా మూసి ఉంటాయి, అయిదు నెలలకే పెట్రోల్ చెడిపోవడం అరుదు. కానీ ఏప్రిల్‌లో అనుకోకుండా ఇండియా ప్రయాణం తగిలి బండి జూన్ దాకా అలాగే ఉండిపోవచ్చు. పది డాలర్ల సీసాకి లెక్క చూసుకోవడం దండగ. పాతకాలం కార్బ్యురేటర్ బండి అయితే మాత్రం ఇది తప్పనిసరి.

అదే రోజు కూలెంట్ చూడండి. సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. వేసవిలో ఎక్కడో రోడ్డు మీద బండి వేడెక్కితే ఉత్త నీళ్లు పోసి ఉంటారు, అది మీకు గుర్తుండదు. పరీక్షించే చిన్న పరికరం అయిదారు డాలర్లకి వస్తుంది. అద్దం తుడిచే ద్రవం వేసవిది అయితే కొంచెం పిచికారీ చేసి ఖాళీ చేసి, గడ్డకట్టని చలికాలం రకం పోయండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే అది కూడా ఇప్పుడే మార్పించేయండి, అదీ తేమను పీల్చుకునే సరుకే.

ఆదివారం: కడగడం, ఆరబెట్టడం

మామూలుగా కడిగేటప్పుడు బండి పైభాగం మీద ప్రాణం పెడతాం. పడుకోబెట్టే ముందు మాత్రం బండి అడుగుభాగం ముఖ్యం. చక్రాల తొర్రలు, తలుపుల కింద అంచులు, బంపర్ల లోపలి పెదవులు, ఇవన్నీ మట్టి పట్టుకుని ఉండే చోట్లు. మట్టి అంటే తడిని పట్టి ఉంచే స్పాంజి. నా చిట్కా ఏమిటంటే, గడ్డికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌ని బండి కిందకి తోసి, ముందు వైపు పావుగంట, వెనక వైపు పావుగంట వదిలేస్తాను. వంగి పైపు పట్టుకునే బాధ ఉండదు.

ఉప్పు గురించి చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఉప్పంటిన బండి బయట గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు తుప్పు నెమ్మదిగా నడుస్తుంది. అదే బండిని తెచ్చి వెచ్చటి గరాజ్‌లో పెడితే ఉప్పు కరిగి, తడి చేరి, తుప్పు పరుగెత్తుతుంది. కాబట్టి "లోపల పెట్టేశాం, ఇంకేం భయం" అని కడగకుండా పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒక్కరోజు ఉప్పు రోడ్డు ఎక్కినా సరే, అడుగు కడిగి తీరాలి.

పెయింట్ మీద పక్షి రెట్టలు, పురుగుల మరకలు, చెట్టు జిగురు ఉంటే వదిలించండి. దసరా పూజలో పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు, నిమ్మకాయ రసం చుక్కలు కూడా. పూజ రోజున తుడవడానికి మనసొప్పదు, అది నాకు తెలుసు. అయినా పెయింట్‌కి భక్తి లేదు, అయిదు నెలలు అలా ఉంచితే మరక లోపలికి దిగుతుంది. తర్వాత ఒక పొర వ్యాక్స్. తలుపు రబ్బర్లకి సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి తుడవండి, రబ్బరు ఎండి పగలదు, గాజుకి అతుక్కోదు.

ఇప్పుడు తడి బండిని నేరుగా లోపల పెట్టకండి. మళ్లీ పదిహేను, ఇరవై మైళ్లు నడిపి, నాలుగుసార్లు బ్రేకులు గట్టిగానే వేసి రండి. సందుల్లో నీళ్లు జారిపోతాయి, డిస్కులు వేడెక్కి ఆరతాయి. ఇదే ఆ ఏటికి చివరి డ్రైవ్, కాబట్టి ఏ రోడ్డులో పోతారో ముందే ఆలోచించుకోండి. నేను కెన్సింగ్టన్ పార్కు వైపు పోతాను.

ఎలుకకి లోపల ఏమీ దొరక్కూడదు

ఈ భాగం తొందరగా దాటేయకండి. తుప్పు ఏళ్లు పట్టి తింటుంది, చిట్టెలుక ఒక్క రాత్రిలో వైరింగ్ కొరికి వెయ్యి డాలర్ల బిల్లు చేతిలో పెడుతుంది. మన చిటికెన వేలు పట్టే కన్నం ఉంటే చాలు, దూరుతుంది.

మొదటి పని లోపల తిండి లేకుండా చేయడం. సీట్లు ముందుకి, వెనక్కి జరిపి వ్యాక్యూమ్ పెట్టండి. పిల్లల బిస్కెట్ ముక్కలు, మిక్చర్‌లో పల్లీలు, జంతికల పొడి ఎక్కడెక్కడో ఉంటాయి. మన ఇళ్లల్లో ఇంకోటి ప్రత్యేకం: పూజ అక్షింతలు. డాష్‌బోర్డ్ మీద వేసిన బియ్యపు గింజలు ఏసీ కన్నాల్లోకి, అద్దం అంచులోకి జారి ఉంటాయి. మా ఇంటి చిట్టెలుకకి ఆ మొదటి ఏడు అదే రేషన్ అని నా అనుమానం. టిష్యూ పేపర్ డబ్బా, పాత బిల్లులు, న్యాప్‌కిన్లు కూడా తీసేయండి. అవి దానికి పరుపు.

రెండోది దారులు మూయడం. ఎగ్జాస్ట్ గొట్టాల్లో, ఇంజిన్ గాలి పీల్చే మూతి దగ్గర రాగి తీగల పీచు కుక్కండి. గిన్నెలు తోమే ఇనుప పీచు కూడా పనిచేస్తుంది గానీ అది తుప్పుపట్టి గొట్టంలో మరక చేస్తుంది. కుక్కిన ప్రతిచోటా ఒక ఎర్ర రిబ్బన్ వేలాడేలా కట్టండి. తర్వాత ఒక కాగితం మీద "రాగి పీచు: ఎగ్జాస్ట్, గాలి గొట్టం" అని రాసి స్టీరింగుకి అంటించండి. ఇది చాదస్తం అనుకోవద్దు. మా స్నేహితుడొకాయన గాలి గొట్టంలో గుడ్డ పెట్టి మరిచిపోయి, ఏప్రిల్‌లో సెల్ఫ్ కొట్టి కొట్టి, ఇంజిన్ ఎందుకు గుక్కపెడుతుందో తెలియక టో ట్రక్ పిలిచాడు.

మూడోది బోనులు. గోడ వెంబడి, బండికి నాలుగు పక్కలా, పల్లీ వెన్న రాసిన స్ప్రింగు బోనులు పెట్టి వారానికోసారి చూడండి. విషం మాత్రం పెట్టకండి. తిన్న ఎలుక డాష్‌బోర్డ్ లోపలికి పోయి చచ్చిందనుకోండి, ఆ వాసన పోగొట్టడానికి సగం బండి విప్పాలి. పుదీనా నూనె, బట్టల డ్రైయర్‌లో వేసే వాసన కాగితాలు, కలరా ఉండలు లాంటివి ఊళ్లో అందరూ చెబుతారు. నేను అన్నీ పెట్టి చూశాను. వాసన కాగితాలు చింపి గూడు కట్టుకున్న ఎలుకని కూడా చూశాను. కలరా ఉండల కంపు సీట్లకి పట్టి మరుసటి ఆగస్టు దాకా పోలేదు.

బ్యాటరీ

బండి ఆపేసినా అలారం, కంప్యూటర్లు, తాళంచెవి కోసం వినే రిసీవర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీఆంపియర్లు అనుకోండి. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పాతిక రోజుల్లో సగానికి వచ్చేస్తుంది. ఆ తర్వాత చలి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్‌కి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో నీళ్ల పాలు ఎక్కువ, అది మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పగలగలదు.

దీనికి మందు బ్యాటరీ మెయింటెయినర్. సీటెక్, నోకో, బ్యాటరీ టెండర్, ఏదైనా సరే, చార్జ్ నిండాక తనంతట తాను తగ్గిపోయి కనిపెట్టుకుని ఉండే రకం కావాలి. నాన్నగారి కాలం నాటి ట్రికిల్ చార్జర్ అలా కాదు, అది ఆగకుండా తోస్తూనే ఉంటుంది, నెలల తరబడి పెడితే బ్యాటరీని ఉడకబెడుతుంది. మీ బ్యాటరీ ఏజీఎం (లోపలి ద్రవాన్ని గాజు పీచులో పట్టి ఉంచే) రకం అయితే మెయింటెయినర్ మీద ఆ సెట్టింగ్ ఉందో లేదో చూడండి. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి ముందు పెట్టండి. నల్లది నేరుగా మైనస్ మూతికి కాకుండా బండి లోహానికి బిగించిన ఎర్త్ బోల్టుకి పెట్టండి. కొత్త బండ్లలో బ్యాటరీని లెక్కగట్టే సెన్సర్ మైనస్ మూతి దగ్గరే ఉంటుంది, మనం ఎక్కించే చార్జ్ దాని లెక్కలోకి రావాలి.

గరాజ్‌లో ప్లగ్ పాయింట్ లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. అప్పుడు రెండు జాగ్రత్తలు. మస్టాంగ్ తలుపులకి గాజు చుట్టూ ఫ్రేము ఉండదు, తలుపు తీసినప్పుడు గాజు కొద్దిగా కిందకి దిగుతుంది. కరెంటు లేకపోతే దిగదు, బలవంతంగా మూస్తే రబ్బరు దెబ్బతింటుంది. అందుకే బ్యాటరీ విప్పేముందు గాజులు అంగుళం దించుకోవాలి. కొత్త కార్వెట్ సీ8 లాంటివాటిల్లో బ్యాటరీ ముందు డిక్కీ లోపలే ఉంటుంది. విప్పేసి మూత మూసేశారంటే మళ్లీ తెరవడానికి నానా పాట్లూ పడాలి. మాన్యువల్‌లో అత్యవసర కేబుల్ ఎక్కడుందో ముందే చూసుకోండి.

నేల, టైర్లు, బ్రేకు

గరాజ్ కాంక్రీటు నేల గుండా భూమిలోంచి చెమ్మ పైకి వస్తూ ఉంటుంది. బండి నిలబడే చోట మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీదకి ఎక్కించండి. ఎవరూ పట్టించుకోని శత్రువు ఇంకోటుంది: పక్కనే నిలబెట్టే రోజువారీ బండి. సాయంత్రం అది చక్రాల తొర్రల నిండా ఉప్పు మంచు మోసుకొస్తుంది. రాత్రి కరిగి ఉప్పునీళ్ల మడుగు కడుతుంది, తెల్లారేసరికి సగం ఆవిరై గాల్లో కలుస్తుంది. మీ మస్టాంగ్ అయిదు నెలలు ఆ గాలే పీలుస్తుంది. ఎస్‌యూవీ కింద అంచులున్న గరాజ్ మ్యాట్ వేయండి, ఆ నీళ్లని బయటికి తోసేయండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో బోల్టుల మీద తుప్పు కనబడటం ఆగింది.

టైర్లలో గాలి మామూలుకంటే పెంచండి. నేను 45 పీఎస్ఐ దాకా కొడతాను. టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. ఒకేచోట నిలబడితే నేలకి ఆనిన భాగం చదునవుతుంది, గాలి గట్టిగా ఉంటే అది తగ్గుతుంది. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే దాదాపు ఒక పీఎస్ఐ దానంతట అదే పోతుంది. బండిని జాకీ స్టాండ్ల మీద ఎత్తి ఉంచేవాళ్లున్నారు. నాకది నచ్చదు. చక్రాలు వేలాడుతుంటే సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు నెలల తరబడి మెలితిరిగి ఉంటాయి. మరీ దిగులుగా ఉంటే టైరు గుండ్రానికి తగ్గట్టు ఒంపు ఉన్న పలకలు దొరుకుతాయి, వాటి మీద నిలపండి.

హ్యాండ్‌బ్రేక్ వేయవద్దు. నా వెనక బ్రేకులు డిస్కులకి పట్టేసింది ఇందువల్లే. మాన్యువల్ బండి అయితే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. బటన్‌తో పనిచేసే బ్రేకు ఉన్న కొత్త బండ్లు కొన్ని ఆపగానే తామే బ్రేకు వేసేస్తాయి. అది ఆపే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. చదవడం ఇష్టం లేకపోయినా ఆ ఒక్క పేజీ చదవండి.

కవర్ గాలి ఆడే గుడ్డది కావాలి. ప్లాస్టిక్ తార్పాలిన్ కప్పితే లోపల చెమ్మ పట్టి బండి ఆవిరి కుడుములా తయారవుతుంది. దుమ్ము ఉన్న బండి మీద కప్పినా గీతలే. లోపల తేమ కోసం సిలికా జెల్ సంచులు పెట్టండి. తేమని లాగి నీళ్లు చేసే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు చవకే గానీ, ఒరిగితే సీటు మీద ఒలికేది ఉప్పునీళ్లే, రోడ్డు మీద తప్పించుకున్నది ఒళ్లోకి తెచ్చుకున్నట్టు. గరాజ్‌లో గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టాలనుకుంటే, మామూలు కంప్రెసర్ రకం ఆ చలికి మంచు గడ్డకట్టి ఆగిపోతుంది, చలిలోనూ పనిచేసే డెసికెంట్ రకం తీసుకోండి. కన్వర్టిబుల్ ఉన్నవాళ్లు పైకప్పు మూసి ఉంచాలి, మడిచి పెడితే మడతల్లో గుడ్డ పాడవుతుంది. ఇంకో మాట, బండి పక్క గోడకి మంచు తోసే పార, పిల్లల సైకిళ్లు తగిలించవద్దు. కారణం చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇన్సూరెన్స్

బండి కదలని నెలలకి పూర్తి ప్రీమియం ఎందుకని కొందరు రద్దు చేసేస్తారు. అలా చేయకండి. గరాజ్‌లో నిప్పంటుకున్నా, దొంగతనం జరిగినా దిక్కుండదు, మధ్యలో ఖాళీ కనబడితే తర్వాత ప్రీమియం పెరగొచ్చు. ఏజెంట్‌కి ఫోన్ చేసి "స్టోరేజ్ కవరేజ్" అని అడిగితే కాంప్రహెన్సివ్ (ఇక్కడ అంటే నిప్పు, దొంగతనం లాంటివాటికి వర్తించే భాగం) ఉంచి మిగతావి తగ్గిస్తారు. ఆ నెలల్లో బండి రోడ్డెక్కకూడదు, వీధి చివరిదాకా కూడా. లోన్ ఇంకా తీరకపోయినా, లీజు బండి అయినా బ్యాంకు ఒప్పుకోదు. మిషిగన్‌లో నంబర్ ప్లేటు గడువు మన పుట్టినరోజుకి ముగుస్తుంది. మీది డిసెంబర్, జనవరి పుట్టినరోజైతే ఏప్రిల్‌లో తీసేముందు ప్లేటు మీద స్టిక్కర్ చూసుకోండి.

చలికాలంలో స్టార్ట్ చేయకండి

ఈ మాట చెబితే నమ్మరు. వారానికోసారి స్టార్ట్ చేయకపోతే ఇంజిన్ పట్టేస్తుందని ఊళ్లో స్కూటర్ల కాలం నుంచి విన్న మాట మనసులో ఉంటుంది. లెక్క చూడండి. ఒక గ్యాలన్ పెట్రోల్ మండితే దాదాపు గ్యాలన్ నీళ్లు పుడతాయి. ఎండాకాలంలో బాగా వేడెక్కిన గొట్టంలోంచి అది ఆవిరై పోతుంది. జనవరిలో పది నిమిషాలు నడిచిన ఇంజిన్‌లో, సైలెన్సర్‌లో అది నీళ్లుగా మిగులుతుంది, కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కితే తప్ప ఆ తేమ పోదు, నిలబెట్టి నడిపితే అంత వేడెక్కదు. శనివారం పోసిన కొత్త ఆయిల్‌ని ప్రతి ఆదివారం కొంచెం కొంచెం పాడుచేసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. బ్యాటరీకి కూడా లాభం లేదు, సెల్ఫ్‌కి పోయిన కరెంటు ఆ కాసేపట్లో పూర్తిగా తిరిగి రాదు.

ఇంకా పెద్ద కారణం, ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. తలుపు తెరిచి ఉందిగా అనే ధైర్యం పనికిరాదు. ఇంట్లో డిటెక్టర్ లేకపోతే ఈ రోజే పెట్టించండి.

మరి ఏం చేయాలి? వారానికోసారి పోయి మెయింటెయినర్ లైటు ఆకుపచ్చగా ఉందో లేదో, బోనుల్లో ఏమైనా పడిందో, కింద చుక్కలేమైనా కారాయో చూడండి. చూసి, కావాలంటే కాసేపు సీట్లో కూర్చుని రండి. నేనూ కూర్చుంటాను. సంక్రాంతికి ఇండియా పోతుంటే పక్కింటివాళ్లకి ఆ లైటు ఏ రంగులో ఉండాలో చెప్పి, గరాజ్ కోడ్ ఇచ్చి వెళ్లండి.

ఏప్రిల్‌లో లేపడం

ఉగాదికి బయటికి తీయాలని చెయ్యి దురదపెడుతుంది. ఇక్కడ ఆ వారంలో కూడా మంచు పడుతుంది, రోడ్ల పక్కన ఉప్పు అలాగే ఉంటుంది. రెండు మూడు గట్టి వానలు పడి రోడ్లు కడిగేదాకా ఆగండి. ఈలోగా గుంతలు ఎక్కడ పడ్డాయో రోజువారీ బండిలో తిరుగుతూ గుర్తుపెట్టుకోండి.

ముందు ఇన్సూరెన్స్ పూర్తిగా తిరిగి పెట్టించండి. తర్వాత స్టీరింగు మీది కాగితం చదివి, ఎర్ర రిబ్బన్ల లెక్క చూసి, రాగి పీచు అంతా తీయండి. బోనెట్ ఎత్తి టార్చి వేసి చూడండి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. గూడు గానీ, పెంటికలు గానీ కనబడితే చీపురుతో ఊడవకండి, వ్యాక్యూమ్ పెట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే హంటా వైరస్ లాంటి జబ్బులు రావచ్చు. చేతి తొడుగులు వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి, నానాక కాగితాలతో ఎత్తి పారేయండి. అక్కడ వైర్ల మీద పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి, ఉంటే స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

టైర్లలో గాలి డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న లెక్కకి దించండి. దీన్ని మరిచిపోయి 45 పీఎస్ఐతో, చల్లటి వేసవి టైర్లతో, 400 పైచిలుకు గుర్రాల బండిని మలుపులో తొక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయిల్, కూలెంట్ మట్టం చూసి, దిమ్మెలు తీసి, బ్రేక్ పెడల్ నాలుగుసార్లు తొక్కి గట్టిగా ఉందని నమ్మకం కుదిరాక స్టార్ట్ చేయండి. స్టార్ట్ అవగానే బయటికి తెచ్చేయండి, లోపల వేడి చేయవద్దు.

మొదటి రెండు మూడు మైళ్లు బ్రేకులు గరగరమంటాయి. డిస్కుల మీది సన్నటి తుప్పు అది, నాలుగు బ్రేకులకి పోతుంది. స్టీరింగు దడదడలాడితే అది టైర్లు చదునైన చోటు. ఇరవై మైళ్లు తిరిగి రబ్బరు వేడెక్కేసరికి మామూలుగా సర్దుకుంటుంది. వారం తర్వాత కూడా పోకపోతే టైర్ల షాపుకి తీసుకెళ్లి బ్యాలెన్సింగ్ చేయించండి.